డర్బన్‌లో నా పక్క టేబుల్ దగ్గరి ఆవిడకు

మా ముత్తాత తమ్ముడు దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలీగా వెళ్ళి తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. మొన్న పని మీద డర్బన్ వెళ్ళినప్పుడు పాత రికార్డులు చూడబోయాను. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి ఓడల్లో వచ్చిన కూలీల జాబితాలు అవి. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఇంటిపేరుకు గడే లేదు! నేనేమో దాన్నే నమ్ముకుని వెళ్ళాను.

నీరసంగా లేవబోతుంటే పక్క టేబుల్ దగ్గరున్న పెద్దావిడ "ఏ ఊరు?" అని అడిగారు. ఆవిడ పూర్వీకులూ మనవాళ్ళేనట, తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. ఊరి పేరు నా చేత నాలుగుసార్లు పలికించుకుని, అప్పటి గుమాస్తా చెవికి ఎలా వినపడి ఉంటుందో ఊహిస్తూ ఏడు రకాల స్పెల్లింగులు పెన్సిల్‌తో రాసిచ్చారు. లంచ్ కూడా మానేసి నాతోపాటు పేజీలు తిప్పారు. ఐదో స్పెల్లింగుకు దొరికాడు తాత. తండ్రి పేరు సరిపోయింది. వయసు 22, ఎడమ మోకాలి మీద మచ్చ. ఆ వరస కింద స్కేలు పెట్టి, నేను రాసుకునేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు.

అమ్మా, ఆ హడావుడిలో మీ పేరే అడగలేదు. మీరు రాసిచ్చిన కాగితం మా నాన్న దేవుడి పటం వెనక దాచుకున్నారు. మీకు మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.