రబ్బర్ జల్లెడలు: ఎక్కడ ఇస్తాం, ఎక్కడ వద్దంటాం

క్రషర్ ఓనర్లకు, సూపర్‌వైజర్లకు నమస్కారం. ఈ సీజన్ నుంచి మా దగ్గర రెండు విషయాలు మారుతున్నాయి. మీ జల్లెడ చూడకుండా రబ్బర్ ప్యానెళ్ల (ఇనుప జాలి బదులు జల్లెడ మీద పరిచే రంధ్రాల పలకల) ఆర్డర్ తీసుకోం. ఉద్దెరకు ఒక రేటు, నగదుకు ఒక రేటు ఉంటుంది. రెండో మాటకు కొందరికి కోపం రావచ్చు. కానీ మొదటిదానికీ దీనికీ సంబంధం ఉంది, అందుకే కలిపి రాస్తున్నాను.

రబ్బర్ ధర పెరిగిందని చెప్పి రేటు పెంచడం మా లైన్‌లో పాత అలవాటు. 2024 ఆగస్టులో కొట్టాయంలో ఆర్‌ఎస్‌ఎస్-4 రకం సహజ రబ్బర్ షీటు కిలో 240 రూపాయలు దాటినప్పుడు ఆ మాట నిజమే. ఇప్పుడు ఆ సాకు చెప్పను, రబ్బర్ బోర్డు రేటు రోజూ మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. అసలు సంగతి ఏంటంటే మా డబ్బు బయట ఇరుక్కుంటోంది. రోడ్డు కాంట్రాక్టర్‌కు బిల్లు రాదు, ఆయన క్రషర్‌కు ఇవ్వడు, క్రషర్ నుంచి మాకు రాదు. మేం మాత్రం కాంపౌండ్‌కు, అంటే కలిపిన రబ్బర్ ముడిసరుకుకు, ముందే కట్టాలి. బిల్లు కొట్టిన మరుసటి నెలలోనే 18 శాతం జీఎస్టీ కట్టాలి, మాకు వసూలైందా లేదా అని ఎవరూ అడగరు. ఈ వడ్డీనంతా అందరి రేటులో కలిపేస్తే, డబ్బు చేతిలో పెట్టి సరుకు తీసుకెళ్లే మనిషి పక్క క్రషర్ ఉద్దెరకు వడ్డీ కట్టినట్టు అవుతుంది. అందుకని నగదు రేటు పాతదే ఉంటుంది. ఉద్దెర రేటు ఎనిమిది శాతం ఎక్కువ, గడువు 45 రోజులు. ఒప్పందం రాసుకున్నా సరే, చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో కట్టకపోతే ఆ ఖర్చుకు మినహాయింపు కట్టిన ఏడాదికే వెళ్తుందని మీ ఆడిటర్ కూడా చెప్పే ఉంటారు.

బిల్లు ఆగడానికి ఇంకో కారణం ప్యానెల్ నచ్చకపోవడం. తప్పు డెక్ (జల్లెడలో ఒక అంతస్తు) మీద పడిన ప్యానెల్ ఎంత మంచిదైనా ఎవరికీ నచ్చదు. "టన్నేజీ పడిపోయింది, నీకు డబ్బులెందుకు ఇవ్వాలె?" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే అమ్మకముందే ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో చెప్పుకుందాం.

మన నల్గొండ, పాలమూరు వైపు రాయి ఎక్కువగా గ్రానైట్. అందులో పలుగు ఉంటుంది కాబట్టి ఇనుప జాలిని గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు అరగదీస్తుంది. పైడెక్ మీద దీనికి తోడు పెద్ద రాయి ఎత్తు నుంచి పడే దెబ్బ ఉంటుంది. జాలి అరిగినట్టే కనిపించదు, నడుమ ఒక తీగ తెగుతుంది. ఆ తెగిన చోటు నుంచి 40 ఎంఎం రాయి కిందికి జారి 20 ఎంఎం కుప్పలో కలుస్తుంది. క్రషర్ దగ్గర ఎవరికీ తెలియదు. టిప్పర్ సైటుకు చేరాక ఇంజనీర్ చూసి లోడ్ వెనక్కి పంపినప్పుడే తెలుస్తుంది. ఇంకోటి, రంధ్రంలో ఇరుక్కున్న రాళ్లు. మధ్యాహ్నం మిషన్ ఆపగానే కుర్రాళ్లు రాడ్లు, సుత్తెలు పట్టుకుని డెక్ ఎక్కుతారు. రాయి ఊడుతుంది, పక్క తీగ వంగుతుంది.

రబ్బర్ ఇక్కడ గెలుస్తుంది. దెబ్బ పడితే లోపలికి కుంగి మళ్లీ లేస్తుంది. మా ప్యానెల్ రంధ్రాన్ని అంచు మీద వేలు పెట్టి లోపలికి జరుపుతూ చూడండి, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పైఅంచు దాటిన రాయికి ఇక పట్టు దొరకదు, కిందికే పడుతుంది. చప్పుడు కూడా బాగా తగ్గుతుంది, ఊరు దగ్గరున్న క్రషర్లకు అది చిన్న విషయం కాదు. ఒక ప్యానెల్ పోతే అదొక్కటే మార్చుకోవచ్చు, జాలి మొత్తం విప్పక్కర్లేదు.

ఇప్పుడు రెండో వైపు. జాలిలో 20 ఎంఎం రంధ్రానికి 5 ఎంఎం తీగ అనుకోండి. మొత్తం వైశాల్యంలో 64 శాతం ఖాళీ. రబ్బర్‌లో అదే రంధ్రానికి మధ్య గోడ 10 ఎంఎం ఉంచితే 44 శాతం, ప్యానెల్ అంచులు తీసేస్తే ఇంకా తక్కువ. పైడెక్ మీద ఈ తేడా తట్టుకోవచ్చు. 6 ఎంఎం డెక్‌కు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. 2 ఎంఎం తీగ జాలిలో 56 శాతం ఖాళీ ఉంటే, 5 ఎంఎం గోడ ఉన్న రబ్బర్‌లో 30 శాతమే. డస్ట్ కిందికి దిగక 6 ఎంఎం చిప్స్‌తో కలిసి పోతుంది. వానాకాలం తడి డస్ట్ అయితే మందపాటి ప్యానెల్ రంధ్రాలు పూర్తిగా పూడుకుపోతాయి. ఊగి దులుపుకునే పల్చటి మెత్తని రబ్బర్ షీట్లు ఉన్నాయి, అవి మేం చేయం. కాబట్టి డస్ట్ డెక్‌కు మా ప్యానెల్ ఇవ్వం, మీరు డబ్బు ముందే పెట్టినా ఇవ్వం. అక్కడ జాలే నడపండి. రోబో సాండ్ నీళ్లతో కడిగే ప్లాంటు ఉన్నవాళ్లకు పాలీయురెథేన్ మేలు, అది వేరేవాళ్ల దగ్గర తీసుకోండి.

రంధ్రం సైజు గురించి చాలా ఫోన్లు వస్తుంటాయి. జాలి సన్నగా ఉంటుంది, రబ్బర్ మందంగా ఉంటుంది. రాయి వాలు మీద దొర్లుతూ దిగాలి కాబట్టి అదే కంకర రావాలంటే రబ్బర్‌లో రంధ్రం రెండు మూడు ఎంఎం పెద్దదిగా ఉండాలి. 'పాత జాలి సైజే ఇవ్వండి' అంటే కంకర సన్నబడుతుంది, మళ్లీ నలగడానికి కోన్ క్రషర్‌కు తిరిగి పోయేది పెరుగుతుంది, కరెంటు బిల్లు కూడా పెరుగుతుంది. ఇంకో మాట అమ్మేవాళ్లు చెప్పరు. రంధ్రం కిందికి వెడల్పు అని చెప్పాను కదా, అంటే పైభాగం అరిగేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ప్యానెల్ ఊడదు, చినగదు, చూడటానికి బాగానే ఉంటుంది, కానీ కంకర లావెక్కుతుంది. కంకరకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం 20 ఎంఎం సింగిల్ సైజు కంకరలో కనీసం 85 శాతం 20 ఎంఎం జల్లెడ దాటాలి. ప్యానెల్ బాగుందని వదిలేయకుండా వెర్నియర్‌తో రంధ్రం కొలవండి. ముఖ్యంగా ఫీడ్ పడే వైపు వరుసల్లో చూడండి, ముందు అరిగేది అక్కడే. మొదటి వరుసకు రంధ్రాల్లేని ప్యానెల్ వేస్తే దెబ్బ అది తీసుకుంటుంది.

పాత మిషన్లున్నవాళ్లకు పెద్ద ఖర్చు ప్యానెల్ కాదు, ఫ్రేమ్. జాలి బిగించే డెక్ నడుమ ఉబ్బెత్తుగా ఉంటుంది. అడుగుకు అడుగు ప్యానెళ్లు కూర్చోవాలంటే సమంగా ఉండే పట్టాల ఫ్రేమ్ కావాలి. దాని బరువు స్ప్రింగుల మీద, వైబ్రేటర్ బేరింగుల మీద పడుతుంది. మీ జల్లెడ అంత బరువు మోయదనిపిస్తే, రెండు వైపులా హుక్కులున్న రబ్బర్ మ్యాట్ తీసుకోమంటాను. జాలి లాగి కట్టినట్టే దాన్ని కట్టొచ్చు, ఫ్రేమ్ అక్కర్లేదు. మాకు లాభం తక్కువే, అయినా మీకు అదే సరిపోతుంది.

బిగించేటప్పుడు పట్టాల మీద డస్ట్ పూర్తిగా గీకి తీయండి. కొంచెం మిగిలినా ప్యానెల్ పూర్తిగా కూర్చోదు, నడుస్తుంటే ఎగిరి పడుతుంది. ప్యానెల్ బిగించే పిన్ను దిగకపోతే సబ్బు నీళ్లు వాడండి. గ్రీజు, డీజిల్ వద్దు, సహజ రబ్బర్ వాటికి ఉబ్బుతుంది. పైన చూట్ (రాయి జారి పడే తొట్టి) దగ్గర వెల్డింగ్ పెట్టినప్పుడు డెక్ మీద తడి గోనె సంచులు పరిచి, పక్కన నీళ్ల బకెట్ ఉంచండి. నిప్పురవ్వ ప్యానెల్ సందులో పడి నిదానంగా రాజుకుంటుంది, వెల్డర్ భోజనానికి వెళ్లాక మంట లేస్తుంది. విడి ప్యానెళ్లు నీడలో పెట్టండి, మన మే ఎండకు బయట పడేస్తే వాడకముందే పగుళ్లు వస్తాయి.

చివరగా డెలివరీ. మిర్యాలగూడలో మా అసలు పని రైస్ మిల్లుల రబ్బర్ రోలర్లు, క్రషర్ పని తర్వాత వచ్చింది. మా దగ్గర మిక్సింగ్ మిల్లు ఒక్కటే. రోలర్లకు తెల్ల కాంపౌండ్, ప్యానెళ్లకు నల్లది. నల్లది నడిపాక తెల్లది వేయాలంటే మిల్లంతా కడగాలి, లేకపోతే బియ్యానికి మసి అంటుతుంది. కాబట్టి వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే నవంబర్, డిసెంబర్‌లో, మళ్లీ యాసంగి పంట వచ్చే ఏప్రిల్, మేలో నల్ల కాంపౌండ్ వారానికి ఒక్కరోజే నడుస్తుంది. ఆ నెలల్లో ఎంత టెన్షన్ పెట్టినా ప్యానెళ్లు ముందుకు జరపలేను. నవంబర్‌లో అవసరం పడేవాళ్లు దసరా లోపే డెక్ కొలతలు, పైనుంచి తీసిన ఫొటో, కుప్పలోంచి ఒక బస్తా కంకర పంపండి. దగ్గరివాళ్లయితే మా ఫిట్టర్ వచ్చి చూస్తాడు, జడ్చర్ల, దేవరకొండ వైపు వాళ్లకు రెండు మూడు క్రషర్లు కలిపి ఒకేసారి వస్తాం.