గెయిన్ తగ్గించు, బాస్ కొయ్యి

ఒరేయ్ శీనూ,

నీ గిటార్ క్లిప్పు విన్నాను. రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే ఆ చిన్న బాణీ) బాగానే వాయించావు గానీ టోన్ మాత్రం రేకు డబ్బాలో తేనెటీగల్ని పెట్టి ఊపినట్టుంది. ముందు ఆ డిస్టార్షన్ పెడల్ పీకి పక్కన పడెయ్.

పాత హార్డ్ రాక్ రికార్డుల్లో మనం అనుకునేంత గెయిన్ (శబ్దం పగిలేలా సిగ్నల్‌ని పెంచడం) ఉండదురా. పవర్ కార్డు (రెండు మూడు తీగలు కలిపి మీటే స్వరాల జత) మోగించి చూడు, తీగ తీగా విడిగా వినపడాలి. అంతా గుజ్జైపోయిందంటే గెయిన్ ఎక్కువైనట్టే. ఆ మోతంతా ఆంప్‌ని (యాంప్లిఫయర్‌ని) బాగా పైకి తిప్పితే వచ్చింది. మార్షల్ సూపర్ లీడ్‌నే చూడు (1959 అనేది దాని మోడల్ నంబరు, సంవత్సరం కాదు): వంద వాట్లు, నాలుగు ఈఎల్34 వాల్వులు, మాస్టర్ వాల్యూమ్ (గెయిన్‌తో సంబంధం లేకుండా చివరి శబ్దాన్ని తగ్గించే నాబ్) లేదు. ప్రీఆంప్‌తో (సిగ్నల్‌ని ముందుగా పెంచే భాగం) పాటు స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వులూ అరవాల్సిందే.

అలాంటి ఆంప్ దొరికితే గిటార్‌ని మొదటి ఛానల్ హై ఇన్‌పుట్‌లో పెట్టు. అదే ఛానల్ “లో” (low) ఇన్‌పుట్ నుంచి రెండో ఛానల్ హైలోకి చిన్న ప్యాచ్ కేబుల్ వెయ్యి. బ్రైట్ (మొదటి ఛానల్) వాల్యూమ్ 6, నార్మల్ (రెండోది) 4, ట్రెబుల్ 5, మిడ్ 7, ప్రెజెన్స్ 4, బాస్ 2. బాస్ 2 ఏంట్రా అని నవ్వకు. పవర్ వాల్వులు నిండిపోయాక ఎక్కువ బాస్ పెడితే లావు E తీగ బురదలో కాలేసినట్టు చప్పుడు చేస్తుంది. ఒక్కడివే వాయించుకుంటే పల్చగా అనిపిస్తుంది నిజమే, కానీ ఆ కింది చోటు బాస్ గిటార్‌ది. ఇంకోటి, ఈ ఆంప్ వాల్యూమ్ 2 దగ్గర చెవులు కోసేస్తుంది. వాల్యూమ్ నాబ్ వెనకున్న పాట్ మీది బ్రైట్ కెపాసిటర్ ట్రెబుల్‌ని పక్కదారిన పంపిస్తుంటుంది. పైకి తిప్పేకొద్దీ దాని ప్రభావం తగ్గిపోతుంది.

నీ మాస్టర్ వాల్యూమ్ ఆంప్‌లో అయితే గెయిన్ 4 దాటకు, మాస్టర్ ఇంట్లోవాళ్లు ఓర్చుకున్నంత. చాలకపోతే ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ పెడల్ ముందు పెట్టి డ్రైవ్ సున్నా, లెవెల్ 8. అది బాస్ కోసి మిడ్ పెంచుతుంది, మనకి కావాల్సిందీ అదే.

బ్రిడ్జ్ హంబకర్ (బ్రిడ్జ్ దగ్గరుండే రెండు కాయిల్స్ పికప్) రెసిస్టెన్స్ 8 కిలో ఓమ్‌ల దగ్గరున్నది మేలు. 15, 16 ఉన్న హాట్ పికప్ పిక్ దెబ్బని నొక్కేస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి లావు తీగకీ పికప్‌కీ మధ్య 2 మిల్లీమీటర్ల దూరం ఉంచు. గిటార్ వాల్యూమ్ 10 మీదే వదిలెయ్యకు. రిథమ్‌కి 7 చాలు, సోలోకి 10.

స్పీకర్ సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ రకం. ఒక్కోటి 25 వాట్లే. పూర్తిగా తిప్పిన వంద వాట్ల ఆంప్ వందకి మించే ఇస్తుంది, కాబట్టి దాన్ని నాలుగింటి మీద రుద్దితే కాలిపోవచ్చు. శబ్దం తగ్గించాలంటే ఎటెన్యుయేటర్ (ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి పవర్ తగ్గించే పెట్టె) వాడు, అంతేగానీ స్పీకర్ కేబుల్ పీకి వాల్వ్ ఆంప్ మోగించకు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు.

రికార్డింగులో ఎస్ఎం57 మైకుని స్పీకర్ గ్రిల్‌కి ఆనించి డస్ట్ క్యాప్ (స్పీకర్ నడుమ ఉండే గుండ్రటి మూత) అంచు మీదికి గురిపెట్టు. నీ క్లిప్పులో గీ గీ అంటున్నది మైకు నడిమధ్యకి పెట్టడం వల్లే అని నా అనుమానం. అంగుళం పక్కకి జరిపి విను, ఈక్యూ (ఈక్వలైజర్) జోలికే పోనక్కర్లేదు. తర్వాత అదే రిఫ్‌ని రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తొయ్యి. కాపీ పేస్ట్ చేశావో, వెడల్పేమీ రాదు, ఉన్న చోటే గట్టిగా మోగుతుంది.

బాస్ 2 మీద పెట్టి, మళ్లీ అదే రిఫ్ పంపు.

నీ
రవి