వర్షారణ్యం పాఠం అక్కడివారే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక పాఠశాలలకు వచ్చిన స్మార్ట్ టీవీలను, పెద్ద తెరలను దేనికి వాడాలన్న చర్చ మీ చదువుల పేజీలో కొంతకాలంగా సాగుతోంది. ఎక్కాలు, పద్యాలు, ఆంగ్ల పదాల ఉచ్చారణ వంటివి చాలామంది సూచించారు. ముప్పై మూడేళ్లు సాంఘికశాస్త్రం బోధించి విరమించిన ఉపాధ్యాయురాలిగా నేను ఇంకొక ఉపయోగాన్ని పాఠకుల ముందు ఉంచదలచుకున్నాను. వర్షారణ్యాల్లో తరతరాలుగా నివసిస్తున్న ఆదివాసులతో మన నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తెర మీద ముఖాముఖి మాట్లాడే భూగోళ పాఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రారంభం కావాలి. ఆ పాఠంలో గురువు స్థానం ఆ ఆదివాసులదే కావాలి, గురువుకు ఇచ్చే పారితోషికమూ వారికి అందాలి.

ఈ ఆలోచన నాకు కార్డిఫ్‌లో కలిగింది. గత శీతకాలం వేల్స్‌లోని ఆ నగరంలో మా అమ్మాయి ఇంట నాలుగు నెలలు ఉన్నాను. అడవుల నరికివేతను ‘వేల్స్ అంత విస్తీర్ణం’ అని కొలిచి చెప్పడం బ్రిటన్ పత్రికలకు పాత అలవాటు. ఆ కొలతనే తీసుకొని, వేల్స్ అంత వర్షారణ్యాన్ని నిలబెట్టడానికి సాయపడతామంటూ 2010లో ‘సైజ్ ఆఫ్ వేల్స్’ అనే సంస్థ ఏర్పడింది. అది అడవుల్లోని ఆదివాసులతో కలిసి పనిచేస్తూ, వేల్స్ బడుల్లో పిల్లలకు వర్షారణ్యాల గురించి కార్యశాలలు కూడా నిర్వహిస్తుంది. 2022లో అమలులోకి వచ్చిన వేల్స్ కొత్త పాఠ్యప్రణాళిక, పిల్లలను తమ దేశంతోపాటు ప్రపంచానికీ బాధ్యత వహించే పౌరులుగా తీర్చిదిద్దడాన్ని తన నాలుగు ఉద్దేశాల్లో ఒకటిగా ప్రకటించింది. అందువల్ల ఇటువంటి పాఠాలకు అక్కడ సమయం దొరుకుతుంది.

నాలుగో తరగతి చదువుతున్న మా మనవరాలి బడిలో ఒక మధ్యాహ్నం ఇటువంటి కార్యశాలే జరిగింది. ఇంటి పెద్దలు కూడా వచ్చి కూర్చోవచ్చునన్నారు కాబట్టి వెళ్లాను. కార్డిఫ్‌లో ఒంటిగంటన్నర, తెర మీద మాట్లాడుతున్న యువతి ఉన్న చోట ఉదయం ఎనిమిదిన్నర. ఆమె పెరూ దేశపు ఉత్తర భాగంలో, అమెజాన్ అడవుల్లో నివసించే వాంపీస్ జాతికి చెందినవారు. ఆమె స్పానిష్‌లో చెబుతుంటే ఒక దుభాషి ఇంగ్లీషులో అందించారు. ఆమె మొదట తన ఊరి పటాన్ని చూపించారు. మన అట్లాసుల్లో శాంటియాగో, మొరోనా అని ఉండే రెండు నదులను ఆమె కానుస్, కాంకైమ్ అని తమ పేర్లతోనే పిలిచారు. ఆ రెంటి నడుమ కాంపాన్‌కిస్ కొండల వరుస. ఎనిమిదేళ్ల పిల్లలకు భూగోళంలో అంతకన్నా పెద్ద పాఠం ఉండదని నాకు అప్పుడే అనిపించింది. పటం మీది పేర్లను ఎవరో ఒకరు పెట్టారనీ, వాటికి ముందే అక్కడివారు పెట్టుకున్న పేర్లున్నాయనీ ఆ తరగతికి ఐదు నిమిషాల్లో తెలిసింది.

నేను పిల్లలకు వర్షారణ్యాన్ని ఎలా చెప్పానో అక్కడ కూర్చునే గుర్తు చేసుకున్నాను. ప్రపంచ ప్రకృతి సిద్ధ మండలాలు అనే పాఠం. భూమధ్యరేఖా మండలంలో సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, మధ్యాహ్నాల్లో సంవహన వర్షాలు, అమెజాన్ అడవులకు సెల్వాలని పేరు. చివరి పేరాలో ప్రజలు: అమెజాన్‌లో రెడ్ ఇండియన్లు, కాంగోలో పిగ్మీలు, మలయాలో సెమాంగులు, వృత్తి వేట, ఆహార సేకరణ. రెండు మార్కుల ప్రశ్న. ఏళ్ల తరబడి వందలమంది పిల్లల చేత ఆ రెండు ముక్కలూ బట్టీ పట్టించాను. తెర మీద చూసిన ఆ వాంపీస్ ప్రజలు 2015 నవంబరు 29న తమ 13 లక్షల హెక్టార్ల భూభాగానికి తామే స్వయంపాలన ప్రభుత్వాన్ని ప్రకటించుకున్నవారనీ, పెరూలో ఆ పని చేసిన మొదటి ఆదివాసీ జాతి వారేననీ నేను చెప్పిన పాఠాన్ని బట్టి ఏ విద్యార్థీ ఊహించలేడు. 13 లక్షల హెక్టార్లంటే దాదాపు మన పాత నెల్లూరు జిల్లా అంత. సుమారు పదిహేను వేల మంది జనాభా ఉన్న జాతి అంత అడవిని చూసుకుంటోంది.

పిల్లల ప్రశ్నలు మొదలయ్యాయి. పొద్దున ఏం తిన్నారని ఒక బాబు అడిగాడు. చేప, అరటి, ఉడికించిన దుంప అని చెప్పి ఆమె ఆ దుంపను పట్టుకొని చూపించగానే మా మనవరాలు వెనక్కి తిరిగి, “అమ్మమ్మా, కర్రపెండలం!” అని తెలుగులో గట్టిగా అంది. మాది పెద్దాపురం. మా చుట్టుపక్కల మెట్ట పొలాల్లో కర్రపెండలం పండుతుంది, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులున్నాయి. సెలవుల్లో వచ్చినప్పుడు అది ఆ దుంపలు తిని పెరిగిన పిల్ల. ఆ పంటను వేల ఏళ్ల క్రితం అడవి మొక్క నుంచి సాగులోకి తెచ్చినది అమెజాన్ ఆదివాసులు. చేదు రకాల దుంపల్లోని విషాన్ని తురిమి, పిండి, వేడి చేసి తొలగించే పద్ధతులు కనిపెట్టినదీ వారే. మనం పాయసంలో వేసుకునే సగ్గుబియ్యం వెనుక ఉన్న ఆ జ్ఞానానికి మన పాఠ్యపుస్తకం పెట్టిన పేరు ఆహార సేకరణ.

కర్రపెండలం ఒక్కటే కాదు. ఏలూరు జిల్లాలో కొబ్బరి తోటల నీడన రైతులు పండిస్తున్న కోకో కూడా అమెజాన్ ఎగువ ప్రాంతపు చెట్టే. పెరూ సరిహద్దుకు దగ్గరలో, ఈక్వడార్ దక్షిణ భాగాన జరిగిన తవ్వకాల్లో 5,300 ఏళ్ల కిందటి కోకో వాడకపు ఆనవాళ్లు దొరికాయి. పలాస జీడిపప్పు పుట్టిల్లు బ్రెజిల్. మన పొలాల్లో, మన పళ్లేల్లో ఇంతగా కలిసిపోయిన అడవిని మనం పిల్లలకు ఎక్కడో ఉన్న వింతగా పరిచయం చేయడం నాకు ఇప్పుడు బాధ కలిగిస్తోంది.

ఆ రోజు నన్ను అన్నిటికన్నా కదిలించిన ప్రశ్న ఒక ఆడపిల్ల అడిగింది. నదిలో ఈత కొడతారా అని. కొన్ని చోట్ల ఇప్పుడు భయపడుతున్నామని ఆ యువతి జవాబిచ్చారు. అనుమతి లేకుండా నది అడుగును తవ్వి బంగారం తీసేవారు ఆ బంగారు రేణువులను పోగుచేయడానికి పాదరసం వాడతారనీ, అది నీటిలోకీ చేపల్లోకీ చేరుతుందనీ ఆమె పిల్లలకు అర్థమయ్యేలా చెప్పారు. 2016 ఫిబ్రవరిలో మొరోనా నది వైపున ఉన్న మయూరియాగా ఊరి దగ్గర చమురు గొట్టం పగిలి ముడిచమురు చిందిన సంగతీ చెప్పారు. బంగారం అన్న మాట వినగానే నేను నా చేతి గాజుల వైపు చూసుకున్నాను. పెరూ నుంచి మన దేశం దిగుమతి చేసుకునే సరుకుల్లో బంగారానిదే పెద్ద వాటా. నా గాజుల బంగారం ఏ నది నుంచి వచ్చిందో నాకు తెలియదు, తెలుసుకోవాలని అరవై రెండేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు. ఆ ప్రశ్న మన పిల్లలకు పదేళ్ల లోపే ఎదురు కావాలని నా కోరిక.

ఇక మన బడుల సంగతి. కార్డిఫ్‌లో చేసినట్టే ఇక్కడా చేద్దామంటే మొదటి అడ్డంకి గడియారం. మన ప్రామాణిక కాలం కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది, పెరూది 75 డిగ్రీల పశ్చిమ రేఖాంశానిది. మధ్య 157½ డిగ్రీలు, గంటకు 15 చొప్పున పదిన్నర గంటల తేడా. మన బడిలో ఉదయం పది అయితే అక్కడ ముందు రోజు రాత్రి పదకొండున్నర. ఈ లెక్కను పిల్లల చేత చేయించడమే ఒక మంచి భూగోళ పాఠం. మన సౌకర్యం కోసం అక్కడివారిని నిద్ర లేపి కూర్చోబెట్టడం మాత్రం తగదు. అమెజాన్ వారితో ఉత్తరాలు, పటాలు, ముందుగా చిత్రించిన చిన్న వీడియోలు ఇచ్చిపుచ్చుకోవచ్చు. ప్రత్యక్ష సంభాషణకు మన దేశపు వర్షారణ్యాలను ఎంచుకోవాలి.

ఇందుకు పడమటి కనుమలు తగినవి. కేరళలోని వళచ్చాల్ అడవుల్లో, చాలక్కుడి నది పరీవాహకంలో కాడర్ అనే ఆదివాసులు నివసిస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద అక్కడి తొమ్మిది కాడర్ గూడేలకు 2014లో సామూహిక అటవీ వనరుల హక్కు లభించింది. ఒకప్పుడు హార్న్‌బిల్ అనే పక్షి పిల్లలను గూళ్ల నుంచి తీసిన కుటుంబాలవారే చాలా ఏళ్లుగా అటవీ శాఖతో కలిసి ఆ గూళ్లను కనిపెట్టి కాపాడుతున్నారు. ఆ పక్షి జీవితం ఏ పిల్లవాడినైనా కట్టిపడేస్తుంది. పెద్ద చెట్టు తొర్రలో తల్లిపక్షి తనను తాను మూసుకొని, సన్నని చీలిక మాత్రం వదిలి కూర్చుంటే, మగపక్షి వారాల తరబడి పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. తొర్ర ఉన్న ముసలి చెట్టు కూలిపోతే గూడు ఉండదు. ఆ పక్షి పండ్లు తిని గింజలు వెదజల్లకపోతే అడవిలో కొన్ని చెట్లు మళ్లీ మొలవడం కష్టమవుతుంది. ఏ చెట్టులో ఏ జంట గూడు కట్టిందో పేరు పెట్టి చెప్పగల మనిషి మన తరగతితో మాట్లాడుతుంటే పక్కన చార్టు పటం అవసరం ఉండదు. అక్కడా ఇక్కడా గడియారం ఒకటే, భాష మలయాళమో తమిళమో కాబట్టి దుభాషి దొరకడమూ తేలిక.

అయితే ఈ పని ఎలా చేయకూడదో కూడా నేను చూశాను. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవమని మా ప్రాంతంలోని ఒక పాఠశాలలో పిల్లల ముఖాలకు రంగులు పూసి, నడుముకు ఆకులు కట్టి, తలకు ఈకలు తగిలించి వేదిక మీద గెంతించారు. చప్పట్లు కొట్టిన తల్లిదండ్రుల మధ్య ఏజెన్సీ నుంచి వచ్చి పట్నంలో కూలి చేసుకుంటున్న ఒక కొండరెడ్డి తండ్రి తల దించుకొని కూర్చున్నాడు. తెర మీది పాఠం కూడా ఆ దారిలో పోయే ప్రమాదం ఉంది. అందుకే మూడు విషయాల్లో పట్టుదలగా ఉండాలంటాను. ఏం చెప్పాలో, ఏం చూపించాలో ఆ గ్రామసభ నిర్ణయించుకోవాలి, ఆడి చూపించండి, పాడి చూపించండి అని మనం అడగకూడదు. వారి సమయానికి, దుభాషికి, ఇంటర్నెట్టుకు అయ్యే ఖర్చు విద్యాశాఖే భరించాలి. వారు ఒప్పుకోనిదే ఒక్క దృశ్యాన్నైనా నమోదు చేయకూడదు. అండమాన్‌లోని జారవాలను, సెంటినలీస్‌లను ఇటువంటి కార్యక్రమాల దరిదాపులకు తీసుకురాకూడదు. 1956 నాటి నిబంధనల కింద జారవాలను ఫొటో తీయడమే నేరం. కొందరు బయటివారిని వద్దనుకుంటారనీ, ఆ కోరికను గౌరవించాలనీ పిల్లలకు చెప్పడం కూడా ఈ పాఠంలో భాగమే.

సంభాషణ రెండువైపులా సాగాలి. మన పిల్లలు ముందుగా తమ ఊరి పటం గీసి పంపాలి, తమ చెరువు ఎందుకు ఎండిందో, తమ కాలువ నీరు ఎక్కడిదో చెప్పగలగాలి. వారు అడిగితే జవాబివ్వడానికి మన పిల్లలకూ ఒక ఊరు తెలిసి ఉండాలి కదా!

మన దగ్గర ఇందుకు పునాది లేకపోలేదు. రాష్ట్రం కలిసి ఉన్నప్పటి ఆరో తరగతి సాంఘికశాస్త్రంలో పెనుగోలు అనే కొండమీది ఊరి పాఠం ఉండేది. వాజేడు మండలంలోని ఆ కోయ గూడెంలో వారు పోడు ఎలా చేస్తారో, ఏ కాలంలో ఏం తింటారో ఎంతో గౌరవంగా రాశారు. నేను చెప్పిన పాఠాల్లో పిల్లలు ఇష్టంగా విన్నది అదే. ‘టీచర్, వాళ్లను మనం అడగొచ్చా?’ అని ఒక విద్యార్థిని అడిగితే అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు తరగతి గదిలో తెర ఉంది. నల్లమల, పాపికొండల అడవులు ఆకురాల్చేవే తప్ప వర్షారణ్యాలు కావు. అయినా చెంచులతో, కొండరెడ్లతో, కోయలతో ఇదే పద్ధతిలో పాఠాలు మొదలుపెట్టి, ఆ అనుభవంతో వళచ్చాల్ వరకూ వెళ్లవచ్చు.

రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు వచ్చే విద్యాసంవత్సరంలో జిల్లాకు ఒక్క ప్రాథమిక పాఠశాలను ఎంచుకొని, పరిసరాల విజ్ఞానం పీరియడ్లలో ఏడాదికి రెండు కార్యశాలలైనా జరిపి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా ప్రాంతంలో ఏ బడి ముందుకొచ్చినా, పిల్లల చేత ప్రశ్నలు రాయించడానికీ, ఊరి పటాలు గీయించడానికీ వారానికి రెండు పూటలు ఉచితంగా వచ్చి పనిచేస్తాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
పెద్దాపురం