డ్రెస్డెన్‌లో మా అమ్మాయికి గది ఇప్పించిన భీమవరం ఆడపడుచుకు

అంబాజీపేట దగ్గర కొబ్బరితోట సాగు చేసుకునే కుటుంబం మాది. గత అక్టోబరులో మా పెద్దమ్మాయి చదువు కోసం జర్మనీలోని డ్రెస్డెన్‌లో దిగిన రోజునే, రెండు నెలల అద్దె ముందుగా పంపించి ఖాయం చేసుకున్న గది అసలు లేనే లేదని తెలిసింది. విద్యార్థి వసతిగృహంలో దరఖాస్తు పెట్టి ఉన్నా వరుస ఇంకా రాలేదు. ఆ రాత్రి ఫోనులో పిల్ల ఏడుపు విని, ఇంత దూరాన ఏమీ చేయలేక, మేమిద్దరం తెల్లవార్లూ అరుగు మీదే కూర్చున్నాం.

ట్రామ్ స్టాపులో ఆ ఏడుపు విని "ఏ ఊరమ్మా మీది?" అని పలకరించింది మీరు. పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. మీ గదికి తీసుకువెళ్లి వేడి అన్నంలో చారు పోసి పెట్టారు; వేరే ఊరు వెళుతున్న మీ స్నేహితురాలి గదిని, వసతిగృహ కార్యాలయం అనుమతితోనే, ఆరు నెలలకు ఇప్పించారు. అక్కడ ఇంట్లో చేరిన 14 రోజుల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలని, దానికి ఇల్లిచ్చినవారి సంతకంతో ధ్రువపత్రం కావాలని మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ చిరునామా నమోదు దరఖాస్తులో ఒక్కొక్క జర్మన్ గడి పక్కన మీరు పెన్సిలుతో గుండ్రంగా రాసిన "ఇంటిపేరు", "పుట్టిన ఊరు" అనే తెలుగు మాటలను అమ్మాయి ఫొటో తీసి పంపితే, వాళ్ల అమ్మ ఇప్పటికీ చూసుకుంటూనే ఉంటుంది.

మీకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు. ఊరు వచ్చినప్పుడు చించినాడ వంతెన దాటి మా ఇంటికి తప్పక రావాలి. ఇంటి ఆడపడుచుకు పెట్టినట్టే చీర, పసుపుకుంకుమలు పెట్టి పంపాలని మా ఆవిడ ఎదురుచూస్తోంది.