ఆ 43 అడుగులు ఎక్కడివి?

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను అమలాపురంలో జెరాక్స్ షాపు నడుపుతున్నాను. సైన్స్ ఫెయిర్ వస్తోందంటే మాకు పండగే. "అంకుల్, గోదావరి వరదల ప్రాజెక్టు ఉందా?" అంటూ పిల్లలొస్తారు. ఉంటుంది. నిరుడు ఎవరికో తీసిన ఫైలే. పేరు, రోల్ నంబరు మార్చి ప్రింట్ తీసిస్తాను. ఇందులో నా తప్పూ ఉంది, దాచుకోను.

మొన్న కరెంటు పోయి ఖాళీగా కూర్చున్నప్పుడు ఆ ప్రింట్ మొదటిసారి చదివాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని ఉంది. గుండె ఆగినంత పనైంది. 43 అడుగులు భద్రాచలం లెక్క! ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే, రెండోది 13.75కి, మూడోది 17.75కి. వరదొచ్చినప్పుడల్లా టీవీలో ఈ అంకెలు వింటూ పెరిగిన లంకల పిల్లలే అట్ట మీద 43 అని అతికించుకుని నిలబడ్డారు. ఎన్ని కాపీలు తీశానో నాకే లెక్క లేదు. "ఇది ఎక్కడ చూశావురా?" అని ఒక్కరూ అడిగినట్టు లేదు.

పిల్లల్ని అనడానికి లేదు. చివరి పేజీలో "గూగుల్" అని ఒక్క ముక్క రాస్తారు, ఇప్పుడైతే "ఏఐ" అని. కూర ఎక్కడ కొన్నావంటే సంతలో అన్నట్టు.

ఒక్క అమ్మాయి మాత్రం చేత్తో రాసుకొచ్చింది. రొయ్యల చెరువులొచ్చాక వాళ్ల ఊరి బావుల నీళ్లు ఉప్పెక్కడం గురించి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో, ఏ బావో అన్నీ ఉన్నాయి. "చెరువులు తవ్వకముందు ఈ నీళ్లతోనే పప్పు ఉడికేది" అన్న తాతయ్య మాట కూడా. పుస్తకంలో లేనివి రాశానని మార్కులు తగ్గిస్తారేమోనని బైండింగ్ చేయించుకుంటూ టెన్షన్ పడింది. నిజంగానే తగ్గాయట.

మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికా శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ పద్ధతి వాడుకున్న పరిశోధకులు వేలాది పత్రాల్లో ఆ ఇద్దరి పేర్లూ రాశారు. మనమేమో పిల్లలకు ఆయన ఫొటో అతికించడం నేర్పాం.

నేను అడిగేది పెద్ద ఖర్చు పనేం కాదు. ప్రాజెక్టుకిచ్చే మార్కుల్లో రెండు దీనికి కేటాయించండి: ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ వెబ్‌సైటు, ఏ రోజు చూశారు, ఎవరిని అడిగారు. ఆరో తరగతి నుంచే మొదలుపెట్టండి. అంకె ఏదైనా రెండుచోట్ల సరిచూడమనండి. రెండుచోట్లా రెండు రకాలుగా ఉంటే అదే రాయమనండి, దానికీ మార్కు వేయించండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో, ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికో తీసుకెళ్తే చేతిలో నోటుబుక్కు ఉండేలా చూడండి. ముందు మాస్టార్లకూ దీని మీద ఒకరోజు శిక్షణ ఇప్పించండి. దయచేసి ఇంకో యాప్ మాత్రం పెట్టకండి, పాపం వాళ్లకు ఉన్నవే చాలు.

నా ఫైల్లో అంకె దిద్దాను. ఎక్కడ చూసి దిద్దానో కింద ఒక లైను కూడా వేశాను. నిన్న ఒక పిల్లాడు ప్రింట్ చూసుకుని, "అంకుల్, ఈ లైను తీసేయండి, మాస్టారు ఇది అడగలేదు" అన్నాడు.

ఇట్లు,
ఒక జెరాక్స్ షాపు యజమాని,
అమలాపురం