రాత్రి వేడి సంగతి కూడా రాయండి

సంపాదకుల వారికి,

ఎండలు ముదిరాయంటే మీ పత్రిక మొదటి పేజీలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత పెద్ద అక్షరాలతో వస్తుంది. మధ్యాహ్నం బయటికి రావద్దన్న సలహా కూడా పక్కనే ఉంటుంది. మంచిదే. కానీ ఇల్లు చల్లగా ఉన్నవాళ్లకే ఆ సలహా పనికొస్తుంది.

మా మేడ మీద రేకుల గదిలో ఒక పెద్దాయన ఒక్కరే ఉంటారు. కిందటి వేసవిలో ఓ రాత్రి పదకొండింటికి ఆయనకు మంచినీళ్లు ఇద్దామని వెళ్తే, గోడకు చెయ్యి ఆనించలేకపోయాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ. ఆయన నన్ను ఎప్పుడో పోయిన వాళ్ల చెల్లెలి పేరుతో పిలిచారు. మొదట నవ్వొచ్చింది. ఒళ్లు ముట్టుకున్నాక టెన్షన్ పట్టుకుంది. తడిగుడ్డలు చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం వడదెబ్బ గుర్తులేనని డాక్టరు చెప్పారు. ఆయనేమో ఆ రోజంతా గడప దాటలేదు! వడదెబ్బ ఎండలో తిరిగినవాళ్లకే తగులుతుందని అప్పటిదాకా నేననుకున్నాను.

చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే తప్ప ఆరదు. పగలంతా శ్రమపడ్డ గుండె రాత్రి చల్లగాలికి తేరుకోవాలి. గోడలు పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంటే ఇక తెరిపి ఎక్కడిది? 40 డిగ్రీలు దాటిన గదిలో ఫ్యాన్ వేసుకుంటే ఒళ్లు ఇంకా వేడెక్కుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. దీనికి తోడు మందులు. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలతో ఒంట్లో నీరు పోతుంది, మానసిక వ్యాధుల మందులు కొన్ని చెమటను తగ్గిస్తాయి. మానెయ్యమని నేను అనడం లేదు. ఎండలు రాకముందే డాక్టరుతో ఒకసారి మాట్లాడుకోవాలి. ఆ సంగతి ఒంటరి ముసలివాళ్లకు చెప్పేదెవరు?

2021లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వడగాడ్పులకు 619 మంది చనిపోయారు. అక్కడి అధికారులు ఒక్కో మరణాన్నీ విచారిస్తే, 98 శాతం నాలుగు గోడల మధ్యే జరిగాయని తేలింది. సగానికి పైగా ఒంటరిగా ఉండేవాళ్లు. అంత ఓపిగ్గా లెక్క తీసేవాళ్లు తక్కువ. చాలాచోట్ల కాగితం మీద గుండె ఆగి పోయారనే రాస్తారు, వేడి ఊసే ఉండదు.

2003 ఆగస్టులో దాదాపు 15 వేల మందిని పోగొట్టుకున్నాక ఫ్రాన్స్‌కు తెలివొచ్చింది. ఒంటరి వృద్ధుల పేర్లు అక్కడి మునిసిపాలిటీలు ముందే నమోదు చేసుకుని, వడగాడ్పుల రోజుల్లో ఫోన్ చేసి కనుక్కుంటాయి. ఒక జాబితా, ఒక ఫోను. పెద్ద ఖర్చేం కాదు.

మునిసిపాలిటీల సంగతి అటుంచితే, మీ చేతిలో ఉన్నది ఒకటుంది. పగటి అంకె పక్కనే రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత, గాలిలో తేమ కూడా అంతే పెద్దగా వేయండి. మా పెద్దాయన కోలుకున్నారు, రోజూ మీ పేపరే చదువుతారు. అక్షరాలు పెద్దవైతే ఆయనకు కళ్లజోడు వెతుక్కునే పని కూడా తప్పుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు