స్పూల్ టేప్ ఇంకా పాడుతోందండి

ఎడిటర్ గారికి నమస్కారం. పెద్ద చక్రాల మీద టేపు చుట్టుకునే స్పూల్ టేప్ రికార్డర్లు ఇక షోకేసు బొమ్మలేనని మొన్న మీ పేపర్లో చదివి ఊరుకోలేక రాస్తున్నా. మా నాన్నగారి స్పూల్ రికార్డరు, అకాయ్ 4000డీఎస్, ఇప్పటికీ పాడుతోంది. మోటారు ఒకటే, టేపుని తాకే హెడ్లు మాత్రం మూడు (చెరపడానికొకటి, రికార్డు చేయడానికొకటి, వినిపించడానికొకటి), అందుకే రికార్డింగ్ అవుతుండగానే టేపు మీద ఎలా పడిందో వినేయొచ్చు. టేపు స్పీడు సెకనుకి 9.5 సెంటీమీటర్ల నుంచి 19కి పెంచాలంటే టేపుని లాగే ఇరుసుకి, అదే క్యాప్‌స్టన్‌కి, బుల్లి స్లీవ్ (తొడుగు) తొడగాలి, అది పోతే 9.5తోనే సరిపెట్టుకోవాలి కాబట్టి మేం అగ్గిపెట్టెలో దాచుకుంటాం. 19 మీద పాటలో వాయించే తాళాల చప్పుడు ఖంగుమంటుంది, 9.5లో కాస్త మసకే, ఒప్పుకోవాలి. కిందటేడు సౌండు మూగబోతే రిపేరు షాపతను హెడ్డు అరిగిపోయింది పారేయండన్నాడు, తీరా చూస్తే దాని మీద గోధుమరంగు పొడి పేరుకుంది, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే మళ్లీ మొదలెట్టింది.

– ఓ పాఠకుడు, విజయవాడ